కన్నీళ్లు రాకపోతే విశ్వాసం లేనట్టేనా?

ప్రశ్న: గుడ్ ఫ్రైడే రాత్రి అత్తగారింట్లో యేసు శ్రమల మీద తీసిన ‘ద ప్యాషన్ ఆఫ్ ద క్రైస్ట్’ సినిమా చూశాం. కొరడా దెబ్బల దగ్గర పిల్లలతో సహా అందరూ ఏడ్చారు. నాకు కడుపులో తిప్పి లేచిపోయాను. ‘వదినకు విశ్వాసం తక్కువ’ అంది ఆడపడుచు. నిజమేనా?
– ఒక సోదరి, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: కాదమ్మా. 2004 నాటి ఆ చిత్రం నిమిషాల తరబడి చూపించిన కొరడా దెబ్బలు యోహాను సువార్త 19వ అధ్యాయంలో ఒక్క వచనమే. రక్తం చూసి ఒకరికి ఏడుపు, ఇంకొకరికి వికారం. అది ఒంటి తీరు. మిరప ఘాటుకు తుమ్మనివాళ్లను మీ ఆడపడుచు గుంటూరువాళ్లే కాదంటుందేమో! నా బెంగ పిల్లల గురించి. అమెరికాలో దానికి ‘ఆర్’ రేటింగ్ ఇచ్చారు. పదిహేడేళ్లలోపువారు పెద్దల తోడు లేకుండా చూడకూడదు. మరోసారి వాళ్లు నిద్రపోయాకే పెట్టమనండి.