నల్లరేగడి పెరట్లో ఇసుక తోలించవచ్చా?

ప్రశ్న: కొత్తగా కట్టుకున్న ఇంటి వెనుక రెండు సెంట్ల నల్లరేగడి నేల ఉన్నది. వానకు బంకగా మారి, ఎండకు నెర్రెలు విచ్చుతున్నది. ఒక ట్రాక్టరు ఇసుక తోలిస్తే గుల్లబారుతుందని మేస్త్రి చెబుతున్నారు. తొలకరికి వంగ, టమాటా, బెండ వేయాలని నా కోరిక. నేలను ఎలా సిద్ధం చేసుకోవాలి?
– ఒక పాఠకురాలు, నరసరావుపేట

జవాబు: అమ్మా, దయచేసి ఇసుక తోలించకండి. రేగడిలోని బంకమట్టి రేణువులు అతి సన్ననివి కావడంతో కొద్దిపాటి ఇసుక కలిపితే అవి ఇసుక రేణువుల సందుల్లోకి చేరి, ఎండినప్పుడు నేల మునుపటికంటే గట్టిపడుతుంది. నిజంగా మార్పు రావాలంటే ఇసుక సగానికి సగం ఉండాలి. జానెడు లోతుకు లెక్క వేసినా మీ రెండు సెంట్లకు అయిదారు ట్రాక్టర్లు కావలసి వస్తుంది. ఆ పనిని పశువుల ఎరువు ఎంతో తక్కువ ఖర్చుతో చేస్తుంది, ఎందుకంటే అది చివికి బంకమట్టిని చిన్న చిన్న పలుకులుగా కూర్చి, వాటి మధ్య గాలికీ నీటికీ దారి ఇస్తుంది.

ముందుగా ఇల్లు కట్టినప్పుడు మిగిలిన సిమెంటు పెళ్లలు, సున్నం, ఇటుక ముక్కలు ఓపికగా ఏరివేయించండి. రేగడి నేలలు సహజంగానే క్షార గుణం కలవి. సున్నం తోడైతే మొక్కలకు ఇనుము, జింకు అందక లేత ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి. ఎరువు వేయకముందే ఆరేడు చోట్ల 15 సెంటీమీటర్ల లోతు వరకు మట్టి తీసి, కలిపి, నీడన ఆరబెట్టి, అరకిలో నమూనాను భూసార పరీక్షా కేంద్రానికి పంపండి. నేల క్షార గుణాన్ని తెలిపే ఉదజని సూచిక (పి.హెచ్.) 8.5 దాటి, నేల చౌడుబారినట్లు తేలితేనే, వారు చెప్పిన మోతాదులో జిప్సం వేయాలి.

వేసవిలో ఒకసారి లోతుగా తవ్వించి పెళ్లలను ఎండనివ్వండి. తొలకరి పడ్డాక మాత్రం తొందరపడవద్దు. గుప్పెడు మట్టిని ఉండ చేసి బొటనవేలితో నొక్కినప్పుడు, చేతికి అంటకుండా పొడిగా విడిపోతేనే పదును వచ్చినట్లు. బురదలో తవ్విన రేగడి ఆ ఏడాదంతా పెళ్లలుగానే ఉంటుంది.

ఇక నా సలహా మీ కోరికకు కొంత అడ్డు వస్తుంది. ఈ తొలకరికి కూరగాయలకు బదులు, పచ్చిగా మట్టిలో కలిపి ఎరువుగా మార్చుకునే పచ్చిరొట్ట పైరు జీలుగ విత్తనాలు పావుకిలో చల్లండి. నీరు నిలిచినా, కొద్దిగా చౌడు ఉన్నా తట్టుకునే పైరు అది. సుమారు 45 రోజులకు, పూత దశలో, కాడ ముదరకముందే కోసి మట్టిలో కలియదున్నించి, రెండు మూడు వారాలు మాగనివ్వండి. ఆ తరువాత బాగా చివికిన పశువుల ఎరువును సెంటుకు 100 కిలోల చొప్పున కలపండి. పచ్చి పేడ వేస్తే చెదలు, వేరుపురుగులు చేరుతాయి. బెండ కోసం ఆగలేకపోతే ఒక మూల నాలుగు పాదులు చేసి, వాటిలో చివికిన ఎరువు వేసి ఈలోగా పెట్టుకోవచ్చు.

భాద్రపదం నాటికి జానెడు ఎత్తు మడులు కట్టి, మధ్య కాలువలు వదిలి వంగ, టమాటా నారు నాటండి. మడుల మీద ఎండుగడ్డి పరిస్తే తడి నిలిచి, నెర్రెలు వేళ్లను తెంపకుండా ఉంటాయి.