మేడ మీది గది ఖాళీగానే ఉంది

హనుమకొండ

బిడ్డా,

మొన్న పెళ్లిలో నన్ను పక్కకు పిలిచి, "పెద్దమ్మా, ఆన్‌లైన్ థెరపీ మొదలుపెడదామనుకుంటున్న, ఎట్లుంటదో చెప్తవా" అని అడిగావు. అంతలో ఎవరో వచ్చారు, మాట ఆగిపోయింది. ఫోన్‌లో చెబుదామంటే నీ పక్కన ఎవరుంటారో తెలియదు. అందుకే రాస్తున్నాను.

మీ పెద్దనాన్న పోయాక పద్నాలుగు నెలల పాటు ప్రతి మంగళవారం ఒక మేడమ్‌తో వీడియోలో మాట్లాడాను. మీ అమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. నువ్వు అడిగినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది.

మేడమ్ దొరకడానికి ముందు నేనొకసారి దెబ్బతిన్నాను. ఫోన్‌లో ప్రకటన చూసి ఒకాయనకు పది సెషన్ల డబ్బులు ఒకేసారి కట్టేశాను. ఆయన నన్ను మాట్లాడనిచ్చిందే తక్కువ. "పాజిటివ్‌గా ఆలోచించండి" అన్నది తప్ప ఇంకో మాట లేదు. రెండో వారం చదువు గురించి అడిగితే, కొన్ని వారాల సర్టిఫికెట్ కోర్సు అని తేలింది. డబ్బులు తిరిగి రాలేదు. నువ్వు మాత్రం ముందే అడుగు, మొహమాటపడకు. క్లినికల్ సైకాలజిస్ట్ అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టర్ అయి ఉండాలి. నంబరు అడిగి తీసుకుంటే కౌన్సిల్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. కౌన్సెలర్ అయితే సైకాలజీలో ఏం చదివారు, ఎన్నేళ్లుగా చేస్తున్నారు, నీలాంటి ఇబ్బంది ఉన్నవాళ్లను చూశారా అని అడుగు. మంచివాళ్లు ఈ ప్రశ్నలకు చిన్నబుచ్చుకోరు. మందులు రాసేది మాత్రం సైకియాట్రిస్టే. మందులు కూడా అవసరమనిపిస్తే థెరపిస్టే ఆ మాట చెప్పి పంపిస్తారు.

తెలుగు వచ్చినవాళ్లనే చూసుకో. ఇంగ్లీషులో మాట్లాడితే ఎంతసేపైనా "స్ట్రెస్", "టెన్షన్" దగ్గరే తిరుగుతాం. నేను మూడో వారం నోరు జారి "బుగులైతది మేడమ్" అన్నాను. ఆమెది ఒంగోలు వైపు, ఆ మాట తెలియదు. "బుగులంటే ఒంట్లో ఎక్కడ తెలుస్తుంది?" అని అడిగింది. కడుపులో అన్నాను. తెల్లవారుజామున, మీ పెద్దనాన్న లేచే వేళకు వస్తుందని ఆ రోజే నాకూ అర్థమైంది. దిగులుపడే రంది వేరు, భయపెట్టే బుగులు వేరు. నీ మాటలోనే చెప్పు, అవతలివాళ్లు అడిగి తెలుసుకుంటారు.

డబ్బు విషయం మొదటి రోజే తేల్చుకో. నేను సెషన్‌కు 1,200 కట్టేదాన్ని, ముందు రోజే ఫోన్‌పేలో. ఒక్కొక్కరిది ఒక్కో రేటు. కట్టలేననిపిస్తే తగ్గిస్తారా అని అడగడంలో తప్పులేదు, కొందరు తగ్గిస్తారు. రాలేకపోతే ఎన్ని గంటల ముందు చెప్పాలో కూడా అడుగు. 24 గంటల ముందు చెప్పకపోతే చాలామంది ఫీజు తీసుకుంటారు. ఆ సమయం నీకోసమే ఆపి ఉంచుతారు కదా.

మొదటి సెషన్‌లో పెద్దగా ఏమీ జరగలేదనిపిస్తుంది. నిద్ర, తిండి, థైరాయిడ్, వేసుకునే గోలీలు, ఇంట్లో ఎవరెవరున్నారు, ఇవే అడుగుతారు. నువ్వు కూర్చున్న చోటి అడ్రసు, దగ్గరివాళ్ల ఫోన్ నంబరు ఒకటి కూడా తీసుకుంటారు. ఎక్కడో దూరాన ఉన్న మనిషి, నీకు ప్రమాదం అనిపిస్తే సాయం పంపాలంటే అవి కావాలి. భయపడకు, నా నంబరు ఇవ్వు. చెప్పినవి గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య చట్టంలోనే ఉంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రం ఆ నియమానికి మినహాయింపు ఉంటుంది. అది ఎప్పుడు, ఎంతవరకు అని వాళ్లనే అడిగి తెలుసుకో.

నీ ఫోన్ పిల్లాడి చేతిలో ఉంటుంది కదా, మెసేజ్‌లు తెర మీద కనబడకుండా పెట్టుకో. నీ వాట్సాప్ ఇంకే కంప్యూటర్‌లోనైనా తెరిచి ఉందేమో చూడు. ఇయర్‌ఫోన్స్ తప్పనిసరి. కాల్ తెగితే ఎవరు ఎవరికి చేయాలో ముందే అనుకోండి. నాకు మొదటి నెలలో ఏడుస్తుండగా నెట్ పోయింది. ఆమె చేస్తుందని నేను, నేను చేస్తానని ఆమె, ఎనిమిది నిమిషాలు ఎదురుచూశాం. ఆ ఎనిమిది నిమిషాలు చాలా కష్టంగా గడిచాయి.

అన్నిటికంటే పెద్ద విషయం సెషన్ అయ్యాక ఏం చేస్తావన్నది. ఇదివరకు ఇలాంటివాటికి హైదరాబాద్ పోవాలి. ఇక్కడినుంచి 150 కిలోమీటర్లు, ప్రతి వారం ఎవరు పోగలరు? కానీ ఆ ప్రయాణంలో ఒక మేలుండేది. తిరుగు రైల్లో కిటికీ దగ్గర కూర్చుంటే, జనగామ దాటేసరికి మనసు కొంచెం సర్దుకునేది. ఆన్‌లైన్‌లో ఆ దారి లేదు. లాప్‌టాప్ మూస్తే ఎదురుగా వంటిల్లే. నేను మొదట్లో అలాగే లేచి కూర తరగబోయి, మీ అన్నయ్య మీద ఊరికే అరిచాను. తర్వాత నుంచి సెషన్ 50 నిమిషాలు అయిపోగానే ఇంకో ఇరవై నిమిషాలు ఎవరికీ ఇవ్వలేదు. డాబా మీద నడిచేదాన్ని. నువ్వూ గంటకు కాదు, గంటన్నరకు వీలు చూసుకో.

నాలుగైదు సెషన్లు చూడు. ఆ మనిషితో కుదరడం లేదనిపిస్తే ఆ మాటే చెప్పి ఇంకొకరిని వెతుక్కో.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. థెరపిస్ట్ అర్ధరాత్రి దొరకరు. ఏ రాత్రైనా బతకాలనిపించకపోతే మంగళవారం దాకా ఆగకు. 14416కు చెయ్యి. అది టెలి మానస్, ప్రభుత్వానిది, డబ్బులు పడవు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడతారు. తర్వాత నాకు చెయ్యి, ఎంత రాత్రైనా సరే. ఎంజీఎం హాస్పిటల్‌కు ఇద్దరం కలిసి పోదాం.

మీ రెండు గదుల ఇంట్లో, అత్తమ్మ టీవీ పక్కన, నువ్వు నోరు తెరవలేవని నాకు తెలుసు. మా మేడ మీది గది ఖాళీగానే ఉంది. తలుపుకు లోపల గడియ పెట్టించాను, రౌటర్‌ను ఇన్వర్టర్‌కు కలిపించాను. కాజీపేట నుంచి ఆటోలో ఎంతసేపు. అత్తమ్మ అడిగితే పెద్దమ్మకు మోకాళ్ల నొప్పులు, సాయానికి పోతున్నానని చెప్పు, అది నిజమే కూడా. బాబును నేను భద్రకాళి చెరువు కట్ట మీదికి తీసుకుపోతాను, గంటన్నర దాకా తీసుకురాను. ఏ రోజు కుదురుతుందో చెబితే ఆ రోజు వేరే పని పెట్టుకోను.

మీ పెద్దమ్మ