కాగితం చేతికి వచ్చాకే విమానం ఎక్కు

చి.ల.సౌ. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ వెళ్తున్నావన్న సంగతి మొన్న పెళ్ళి భోజనాల దగ్గర మీ చిన్నాన్న చెబితే తెలిసింది. అక్కడి నీళ్ళ చదువుల సంస్థ ఐహెచ్‌ఈలో సీటు వచ్చి నెల దాటిందట. అదే ఊళ్ళో, అదే సంస్థలో చదివి వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, అందరికంటే చివర నాకు తెలిసేలా చేశావు. ఈ వయసులో చదువెందుకని అంటానేమోనని జంకావని మీ అమ్మ సర్దిచెప్పింది. నేనెందుకు అంటాను తల్లీ? ఆ మాట విన్నాక విస్తట్లో ఏం వడ్డించారో కూడా నేను చూసుకోలేదు. పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియని ఆయనకు కూడా చెప్పాను, మా మేనకోడలు నీళ్ళ చదువు చదవడానికి హాలెండు వెళ్తోందని. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఎందుకు పట్టలేదో రాస్తున్నాను. విసుక్కోకుండా చదువు.

1988లో నేను వెళ్ళినప్పుడు నాకు 37 ఏళ్ళు. నెదర్లాండ్స్ ప్రభుత్వం ఇచ్చిన ఫెలోషిప్పు, మన ప్రభుత్వం ఇచ్చిన డిప్యుటేషన్ ఉత్తర్వు, రెండూ చేతిలో ఉన్నాయి. ఇక్కడ జీతం నెలనెలా మీ అత్తయ్యకు అందేది. నన్ను పంపించారు, నేను వెళ్ళాను, అంతే. నువ్వు 44 ఏళ్ళకు, డీఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు) ఉద్యోగం చేసుకుంటూ, ఇంటర్ చదువుతున్న కొడుకును పెట్టుకుని, నీ అంతట నువ్వు దరఖాస్తు చేసుకున్నావు. సగం బ్యాంకు అప్పు, సగం మీరిద్దరూ దాచుకున్న డబ్బు. నాకు ఆ ధైర్యం ఉండేది కాదు. కానీ నా వెనక ప్రభుత్వ ఉత్తర్వు ఉంది. నీ వెనక ఏముందో నాకు ఇంకా తెలియదు.

వీసా గురించి నేను చెప్పేదేమీ లేదు, దరఖాస్తును విద్యాసంస్థే అక్కడి వలస శాఖకు పెడుతుంది. ఐఈఎల్‌టీఎస్ అయిపోయింది. చలికోటు ఇక్కడ కొనకు, ఆ గాలికి మన కోట్లు ఆగవు. సైకిలు పాతది కొనుక్కో, దీపాలు మాత్రం కొత్తవి పెట్టించు.

ఇక అసలు విషయం. సెలవు మంజూరైందా? మీ చిన్నాన్నను అడిగితే, "పెట్టిందట, వస్తుందిలే అన్నారట" అన్నాడు. నాకు నిద్ర పట్టనివ్వనిది ఆ "వస్తుందిలే".

నాకొక మిత్రుడు ఉండేవాడు, వేరే శాఖలో ఇంజినీరు. పేరు రాయను, ఆయన పిల్లలు నీకు తెలిసినవాళ్ళే. నేను తిరిగి వచ్చిన కొత్తలో నా దగ్గర కూర్చుని ఆ చదువు సంగతులన్నీ అడిగేవాడు. ఆయనకూ తపన పుట్టింది. నలభై దాటాక ఒక విదేశీ విశ్వవిద్యాలయంలో సీటు తెచ్చుకున్నాడు. చదువు సెలవుకు దరఖాస్తు పెట్టాడు. ఫైలు డివిజన్ నుంచి సర్కిల్‌కు, సర్కిల్ నుంచి పైకి వెళ్ళింది. అక్కడ తరగతులు మొదలయ్యే తేదీ దగ్గర పడింది. సెక్షన్ గుమాస్తా, "ఫైలు కదిలింది సార్, మీరు బయల్దేరండి, ఉత్తర్వు వెనకాల పంపిస్తాం" అన్నాడు. ఆ గుమాస్తా చెడ్డవాడు కాదు. నిజంగానే వస్తుందని నమ్మి చెప్పాడు. విజయవాడ స్టేషన్లో మిత్రుణ్ణి రైలెక్కించిన వాళ్ళలో నేనూ ఉన్నాను. దండలు వేశాం, ఫొటో దిగాం. ఉత్తర్వు ఏదని ఆ గుంపులో ఎవరి నోటా రాలేదు.

ఆయన వెళ్ళాక గుమాస్తాకు బదిలీ అయింది. ఫైలు మీద ఒక కొర్రీ పడింది: బాండుకు జామీను సంతకాలు లేవు. అంత చిన్న విషయం. ఆ కొర్రీ మెమో ఆయన క్వార్టర్సు చిరునామాకు వెళ్ళింది. అప్పటికే వాళ్ళావిడ పిల్లలతో పుట్టింటికి మారింది. మెమో తిరిగి వచ్చింది. రెండోది కూడా తిరిగి వచ్చింది. మూడో కాగితం సంజాయిషీ నోటీసు. ఇవేవీ ఆయనకు తెలియవు. ఆయన అక్కడ రాత్రుళ్ళు కూర్చుని చదువుకుంటున్నాడు. ఇంటికి రాసిన ఏరోగ్రాముల నిండా చదువు కబుర్లే. ఆఫీసులో తన పేరు పక్కన గైర్హాజరు పడుతోందని ఎలా ఊహిస్తాడు?

పట్టా పుచ్చుకుని వచ్చి, కొత్త చొక్కా వేసుకుని విధుల్లో చేరడానికి వెళ్ళాడు. చేర్చుకోలేదు. అభియోగ పత్రం ఇచ్చారు. విచారణ, ట్రిబ్యునల్, మళ్ళీ విచారణ. చివరికి ఉద్యోగం దక్కింది గానీ, ఆ కాలమంతా సర్వీసు లెక్కకు రాని డైస్‌నాన్. ఇంక్రిమెంట్లు పోయాయి, సీనియారిటీ పోయింది. తన దగ్గర పని నేర్చుకున్న కుర్రవాడికి ఫైళ్ళు పట్టుకెళ్ళి సంతకాలు పెట్టించుకున్నాడు. పింఛను లెక్క కట్టేటప్పుడు ఆ కాలం సర్వీసులోకి రాలేదు. ఇవన్నీ ఆయన ఓర్చుకున్నాడు. ఓర్చుకోలేనిది ఒకటుంది. ఏ చదువు కోసం అంత దూరం వెళ్ళాడో, ఆ చదువు పనికొచ్చే సీట్లో ఆయనను ఒక్క రోజు కూడా కూర్చోబెట్టలేదు. రిటైరయ్యాక మా ఇంటి అరుగు మీద కూర్చుని ఆ మాటే చెప్పేవాడు. నాకు ఏమనాలో తెలిసేది కాదు.

అందుకని గట్టిగా చెబుతున్నాను. ఉత్తర్వు నంబరు, తేదీ, సంతకం ఉన్న కాగితం చేతికి రాకుండా టికెట్టు కొనవద్దు. సెలవు మంజూరు వేరు, దేశం దాటడానికి అనుమతి వేరు. రెండూ కావాలి. అనుమతి లేకుండా ఏడాదికి మించి గైర్హాజరైతే రాజీనామా చేసినట్లే లెక్కించే నియమం మన దగ్గర ఉంది. ఎవరి దయా అక్కడ పనిచేయదు. బాండు షరతులు చదివి సంతకం పెట్టు. తిరిగి వచ్చాక ఎన్నేళ్ళు పనిచేయాలో, మానేస్తే ఎంత కట్టాలో మీ ఆయనకూ చెప్పు. సర్వీసు రిజిస్టరు ప్రతి పేజీ నకలు తీసి ఇంట్లో పెట్టు. ఉత్తరప్రత్యుత్తరాలకు మారని చిరునామా ఇవ్వు, కావాలంటే నాది ఇవ్వు. జీతం రాని నెలల్లో ఏపీజీఎల్ఐ (ప్రభుత్వ ఉద్యోగుల బీమా) ప్రీమియం, ఇంటి అప్పు వాయిదా ఏ ఖాతాలోంచి వెళ్తాయో ఇప్పుడే తేల్చుకో. తేదీలోపు ఉత్తర్వు రాకపోతే, సీటును వచ్చే ఏడాదికి మార్చమని సంస్థకు రాయి. ఐహెచ్‌ఈ 1957 నుంచి నడుస్తోంది. ఏడాది ఆగితే ఎక్కడికీ పోదు.

రెండో కాగితం నీ పుట్టుక గురించి. అక్కడ మునిసిపాలిటీలో పేరు నమోదు చేసుకోవడానికి జనన ధ్రువీకరణ పత్రం అడుగుతారు, దాని మీద మన విదేశాంగ శాఖ అపోస్టిల్, అంటే బయటి దేశాల్లో చెల్లడానికి వేసే ధ్రువీకరణ ముద్ర, ఉండాలి. ఇప్పటి పిల్లలకు ఇది పెద్ద పని కాదు. నువ్వు పుట్టింది నాగాయలంకలో, మా అమ్మ చేతుల మీద, అట్లతద్ది మర్నాడు తెల్లవారుజామున. మంత్రసానిని పిలుచుకొచ్చింది నేనే. పంచాయతీలో రాయించాలని ఆ రోజుల్లో ఎవరికి తోచింది? బడిలో చేర్చేటప్పుడు మాస్టారు జూన్ 1 వేశారు. పదో తరగతి సర్టిఫికెట్టులో, సర్వీసు రిజిస్టరులో, పాస్‌పోర్టులో అదే తేదీ నడుస్తోంది. ముందు పంచాయతీ పుస్తకాల్లో వెతికించు. నమోదు లేకపోతే, లేదని పత్రం తీసుకుని, ఆర్డీవో ఉత్తర్వుతో ఆలస్య నమోదు చేయించాలి. తేదీల తేడా అక్కడే బయటపడుతుంది కాబట్టి ఆ సంగతి దరఖాస్తులోనే చెప్పి, ఏం చేయాలో అడుగు. వారంలో అయ్యే పని కాదు. అట్లతద్దికి నీ పుట్టినరోజు చేయడం మేమెప్పుడూ మానలేదు, ఏ కాగితం ఏ తేదీ చెప్పినా మానం.

మీ అమ్మ సంగతి. నువ్వు వెళ్ళొద్దని తను అనదు. రాత్రిపూట బీపీ మాత్ర మర్చిపోతుంది, మర్చిపోయానని కూడా చెప్పదు. నేను రోజూ ఫోను చేస్తాను. నువ్వు మాత్రం ఆదివారం ఒక వేళ పెట్టుకుని, ఆ వేళకే చెయ్యి. ఎదురుచూడటం తెలిసిన మనిషికి వేళ తెలిస్తే చాలు. అబ్బాయి గురించి మీ ఆయన చూసుకుంటాడు, అతని మీద నాకు నమ్మకం ఉంది. కొడుకు మార్కులు తగ్గితే నీ వల్లేనని బంధువులు అంటారు. అననీ. అదే చదువుకు మగవాడు వెళ్తే ఆ మాట ఎవరూ అనరు. నేను వెళ్ళినప్పుడు మీ బావకు ఆరేళ్ళు, నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. మీ అత్తయ్య ఒక్కతే అన్నీ మోసింది.

ఇక చదువు. అక్కడ మార్కులు పదికి వేస్తారు. ఆరు వస్తే పాసు, ఎనిమిది అంటే చాలా గొప్ప, తొమ్మిది అరుదు. డిస్టింక్షన్లు చూసిన కళ్ళకు ఆరున్నర చూస్తే గుండె జారుతుంది. నీకు ఈ సంగతి ముందే తెలియాలని రాస్తున్నాను. పంతులుగారు అందరి ముందూ "ఇది తప్పు" అనేస్తారు. అవమానించడానికి కాదు, అక్కడి మాట తీరే అది. నువ్వు కూడా ఆయనతో "మీరు చెప్పింది నాకు నమ్మశక్యంగా లేదు" అనవచ్చు, సంతోషిస్తారు. కంప్యూటర్ మీద నమూనాలు కట్టే పనిలో నీకంటే ఇరవై ఏళ్ళు చిన్నవాళ్ళు చకచకా చేసేస్తారు. అడుగు. డీఈగారు కుర్రవాణ్ణి అడగడమేమిటని అనుకోకు. కాలువ చివరి రైతుకు నీళ్ళు ఎందుకు అందవో ఆ పిల్లలకు తెలియదు. లాకుల దగ్గర అర్ధరాత్రి నిలబడి రైతుల తిట్లు తిన్నదానివి, నీకు తెలుసు. వాళ్ళకు నువ్వు అది చెప్పు, నీకు వాళ్ళు ఇది చెబుతారు. మా తరగతిలో ఘనా ఇంజినీరు ఒకాయన, నేను అలాగే గట్టెక్కాం.

డిసెంబరులో పగలు ఎనిమిది గంటలు కూడా ఉండదు. ఉదయం ఎనిమిదిన్నర దాటినా సూర్యుడు రాడు. ఆ నెలలో దిగులు కమ్ముకుంటే అది నీ లోపం కాదు. చీకటి వల్ల వచ్చేది. గదిలో ఉండిపోకుండా మధ్యాహ్నం పూట బయట నడువు.

తిండికి భయం లేదు. మజ్జిగ దుకాణంలో డబ్బాల్లో దొరుకుతుంది, కార్నెమెల్క్ అని అడుగు. ఒకటో నంబరు ట్రాము ఎక్కితే డెన్ హాగ్ (ది హేగ్) వెళ్తుంది. అక్కడ దక్షిణ అమెరికాలో డచ్చివాళ్ళ పాత వలస దేశం సురినామ్ నుంచి వచ్చిన మన మూలాల వాళ్ళు చాలామంది ఉన్నారు. 1873 నుంచి చెరకు తోటల్లో కూలికి ఓడలెక్కి సురినామ్ వెళ్ళిన భోజ్‌పురి, అవధి జనం సంతానం వాళ్ళు. వాళ్ళ కొట్లలో పచ్చిమిర్చి, సొరకాయ, కందిపప్పు దొరుకుతాయి. నెయ్యి మాత్రం పెట్టెలో పెట్టుకోకు. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం ఐరోపాలోకి తేనివ్వరు. విమానాశ్రయంలో తీసి పారేస్తారు, మీ అమ్మ చేసిన నెయ్యి చెత్తబుట్టలో పడితే చూడలేవు. పచ్చి కరివేపాకుకూ అదే గతి. గోంగూర పచ్చడి పట్టుకెళ్ళు.

ఒక్క పని మాత్రం నా కోసం చెయ్యి. వీలు చూసుకుని ఆ దేశపు నైరుతి తీరంలోని జీలాండ్ వెళ్ళు. 1953 ఫిబ్రవరి 1 తెల్లవారుజామున అక్కడా, చుట్టుపక్కల తీరంలోనూ సముద్రం కట్టలు తెంచుకుని 1,836 మందిని ముంచేసింది. ఆ నెలలోనే, సముద్రాన్ని ఆపే కట్టడాల కోసం డెల్టా కమిషన్ వేశారు. ఆ పనులు నలభై ఏళ్ళకు పైగా సాగి 1997లో పూర్తయ్యాయి. నేను వెళ్ళేనాటికి, అక్కడ సముద్ర ముఖద్వారానికి అడ్డంగా కట్టిన ఊస్టర్‌స్కెల్డె గేట్లు ప్రారంభించి రెండేళ్ళు. తొమ్మిది కిలోమీటర్ల పొడవు, 62 ఉక్కు గేట్లు. మన ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లు ఉన్నాయని అక్కడి ఇంజినీరుకు గర్వంగా చెప్పాను. కానీ మనవి నదికి కట్టినవి, వాళ్ళవి సముద్రానికి. మొదట ఆ ముఖద్వారాన్ని పూర్తిగా మూసేద్దామనుకున్నారట. ఆల్చిప్పల మీద బతికేవాళ్ళు, పర్యావరణం వాళ్ళు ఎదురుతిరిగితే, మామూలు రోజుల్లో తెరిచి ఉంచి తుపాను వస్తేనే దించేలా మార్చారు. ఉప్పునీరు, చేపలు, జనం, మూడూ ఉండేలా.

ఆ గట్టు మీద నిలబడి నేను ఏడ్చాను. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు నేను అవనిగడ్డలో ఉన్నాను. ఉద్యోగంలో చేరిన కొత్త. సొర్లగొందిలో చూసినవి మీ అమ్మకు కూడా పూర్తిగా చెప్పలేదు. సర్కారు లెక్కల్లోనే పది వేల పైచిలుకు ప్రాణాలు. నువ్వు పుట్టేనాటికి ఊళ్ళో ఇంకా ఆ గాయం మానలేదు. ఇప్పుడు దివిసీమలో ఉప్పునీరు పొలాల కిందికి పాకుతోంది, నీకు నాకంటే బాగా తెలుసు. నువ్వు ఉప్పునీటి మీదే పరిశోధన తీసుకుంటావని విన్నాను. అది విన్నాకే ఈ ఉత్తరం ఇంత పొడుగైంది. మన నీళ్ళ గురించి చదువుకున్న మనిషి తిరిగి వచ్చి, ఆ పని చేసే సీట్లోనే కూర్చోవాలి. నా పట్టుదలంతా అందుకే.

వచ్చే ఆదివారం విజయవాడ వస్తున్నాను. సెలవు దరఖాస్తు నకలు, సీటు ఉత్తరం, బ్యాంకు కాగితాలు, పదో తరగతి సర్టిఫికెట్టు తీసి పెట్టు. సోమవారం నీతో ఆఫీసు దాకా వస్తాను. లోపలికి నువ్వే వెళ్ళు, ఫైలు ఏ సెక్షన్లో, ఎవరి దగ్గర ఉందో అడిగి రాసుకుని రా. నేను బయట కూర్చుంటాను. మీ అత్తయ్య పచ్చడికి గోంగూర తెప్పించింది, ఎన్ని సీసాలు కావాలో ఫోను చేసి చెప్పు.

మామయ్య
మచిలీపట్నం