బొంత కుట్టే ఆడవాళ్ల పెన్సిల్ బొమ్మలో దారం కనబడాలంటే ఎలా?

హన్మకొండలో ఇంట్లో అమ్మ, చిన్నమ్మ పాత చీరలు పరిచి బొంత కుడుతుంటే గీస్తున్నానని, దారం మాత్రం కనబడట్లేదని అడిగారు. దారాన్ని నల్లగీతగా గీస్తే చీర మడతల నలుపులో కలిసిపోతుంది. షేడింగ్‌కి ముందే, ఇంకు అయిపోయిన రీఫిల్‌తో దారం ఉండాల్సిన చోట కాగితాన్ని నొక్కి గీయండి. ఆ పైన మెత్తగా, ముదురు నలుపుగా గీసే 4బీ రకం పెన్సిల్‌ను పక్కకు వాల్చి మెల్లగా రుద్దితే ఆ గాడిలోకి నలుపు దిగదు, దారం తెల్లగా నిలుస్తుంది. గాడి మళ్లీ చెరగదు, అందుకే ముందు వేరే కాగితం మీద చూసుకోండి.

నాకైతే సూది కన్నా మోచెయ్యి ముఖ్యం. దారం లాగినప్పుడు అది పైకి లేస్తుంది, దారం బిగుస్తుంది. ఆ క్షణాన్నే పట్టుకోండి. వెలుతురు కోసం గడప దగ్గరే కూర్చుంటారు కదా, వాకిలి వైపు చెంపను, వేళ్లను కాగితం తెలుపుగానే వదిలేయండి.