మొటిమల మాత్రలు వేసుకుంటూ టానింగ్ బెడ్‌లో పడుకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయికి 16 ఏళ్లు. ఒళ్లు కాస్త గోధుమరంగుకి తిరగాలని, అల్ట్రావయొలెట్ దీపాల కింద పడుకునే టానింగ్ బెడ్‌కి వెళ్తానంటే, 18 నిండలేదని సెంటర్‌లో రానివ్వలేదు. ఇప్పుడు ఫ్రెండ్ వాళ్లింట్లో ఉన్న మెషీన్‌లో రెండుసార్లు పడుకుంది. మొన్న వీపంతా ఎర్రబడి మండింది. వారానికోసారి పది నిమిషాలైతే ఫర్వాలేదా? విటమిన్ డి కూడా వస్తుందంటోంది. మొటిమలకు వాళ్లక్క వాడగా మిగిలిన డాక్సీసైక్లిన్ మాత్రలు వేసుకుంటోంది.

జవాబు: పది నిమిషాల సంగతి తర్వాత చూద్దామమ్మా. మీరు చివర్లో ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన ఆ మాత్రల గురించే నాకు టెన్షన్‌గా ఉంది.

డాక్సీసైక్లిన్ వాడేవాళ్ల చర్మం అల్ట్రావయొలెట్ కిరణాలకు మామూలు కంటే తొందరగా కమిలిపోతుంది. ముఖ్యంగా వాటిలో ‘ఎ’ రకానికి. టానింగ్ బెడ్‌లో ఎక్కువగా ఉండేవి అవే. మీ పాప వీపు ఎర్రబడింది అందుకే కావచ్చు, చూడకుండా ఖాయంగా చెప్పలేను. బొబ్బలు లేచినా, జ్వరం వచ్చినా, కళ్లు ఎర్రబడి నొప్పి పెట్టినా ఆగకుండా డాక్టర్‌కి చూపించండి.

ఒకమ్మాయి నా దగ్గరికి ఇలాగే వచ్చింది. వీపు మీద డ్రెస్ పట్టీలున్న చోట రెండు గీతలు మామూలుగా ఉన్నాయి, మిగతాదంతా బొబ్బలే. మందులేమీ వాడట్లేదంది. బ్యాగ్ తీయమంటే పేరున్న భాగం చిరిగిపోయిన సగం స్ట్రిప్ బయటపడింది, అందులో మూడు మాత్రలు.

అక్కకి రాసిన మందు చెల్లెలికి ఎలా ఇచ్చారమ్మా? డాక్సీసైక్లిన్ సరిపడా నీళ్లు లేకుండా మింగి వెంటనే పడుకుంటే అన్నవాహికలో పుండు పడొచ్చు. ఆ మిగిలిన మాత్రలు మొటిమలకే ఇచ్చే ఐసోట్రెటినాయిన్ అయ్యుంటే ఇంకా ప్రమాదం. గర్భంలో బిడ్డకు తీవ్రమైన లోపాలు తెచ్చే మందు అది. రక్తపరీక్షలు చేయించి, జాగ్రత్తలు చెప్పి రాస్తాం. ఇంట్లో మిగిలినవి ఒకరివి ఒకరు వాడొద్దు. ప్రస్తుతానికి ఆ మాత్రలు ఆపించి, మొటిమలను స్కిన్ డాక్టర్‌కి చూపించండి.

ఇక టానింగ్. పది నిమిషాలైనా, అయిదైనా సురక్షితం అని నేను చెప్పలేను. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2009లోనే టానింగ్ బెడ్లను క్యాన్సర్ తెస్తాయని రుజువైనవాటి మొదటి గ్రూపులో, పొగాకు పక్కన చేర్చింది. 35 ఏళ్ల లోపు మొదలుపెట్టినవాళ్లకు మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ముప్పు సుమారు 75 శాతం ఎక్కువని అంతకుముందే ఆ సంస్థ లెక్కగట్టింది. ఆ లెక్కలు ఎక్కువగా తెల్లచర్మం వాళ్లవి. చామనఛాయ వాళ్లకు ముప్పు తక్కువే కానీ, అసలు లేదని కాదు.

‘18 నిండిన రోజున చర్మం మారిపోతుందా’ అని పిల్లలు అడుగుతారు. మారదు. చిన్న వయసులో మొదలుపెడితే జీవితం మొత్తంలో ఒంటికి తగిలే మోతాదు పెరుగుతుంది, అందుకే ఆ గీత. బ్రెజిల్ అయితే 2009లో అందం కోసం వాడే టానింగ్ బెడ్లను అన్ని వయసుల వాళ్లకూ నిషేధించింది. సెంటర్‌వాళ్లు పాపను ఆపి మంచిపనే చేశారు. ఇంట్లో మెషీన్ దగ్గర వయసు అడిగేవాళ్లుండరు, టైమ్ చూసేవాళ్లుండరు. ఆ ఫ్రెండ్ వాళ్లమ్మతో మీరే మాట్లాడండి.

విటమిన్ డి తయారయ్యేది ‘బి’ రకం కిరణాలతో. ఈ మెషీన్లలో అవి తక్కువ. లోపం ఉందనిపిస్తే పరీక్ష చేయించి మందు వాడొచ్చు. రంగే కావాలంటే పైన రాసుకునే టానింగ్ లోషన్లున్నాయి, కాకపోతే అవి ఎండ నుంచి కాపాడవు.

పాప పుట్టుమచ్చల్లో ఏదైనా ఈమధ్య పెరిగినా, రంగు మారినా అదీ చూపించండి. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ మాత్రల స్ట్రిప్ మర్చిపోకండి.