ఫైరింజన్ పంపు బాడీ చెయ్యి పెట్టలేనంతగా కాలుతోంది, ఏం చేయాలి?

పాశమైలారంలో ఒక కంపెనీ ఫైర్ క్రూలో కొత్తగా చేరిన తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. మాక్ డ్రిల్‌లో బ్రాంచ్ (హోస్ చివర నీళ్లు చిమ్మే నాజిల్) మూసినప్పుడల్లా వాటర్ టెండర్ (నీళ్ల ట్యాంకున్న ఫైరింజన్) పంపు బాడీ కాలిపోతోందట, ఇంజిన్ టెంపరేచర్ ముల్లు కూడా దాంతోపాటే పైకి పోతోందట. పంపు మార్చాలా అని అడుగుతున్నాడు.

మార్చక్కర్లేదు తమ్ముడూ. నువ్వు చెప్పిన లక్షణాలు చూస్తే పంపు బాగానే ఉంది, దాన్ని నడిపే పద్ధతే బాగాలేదు. నేను ఫైర్ సర్వీస్‌లో డ్రైవర్ ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యాను. పంపు ప్యానెల్ ముందు నిలబడేవాడు గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే: పంపును చల్లగా ఉంచేది దాని గుండా పోయే నీళ్లే. బ్రాంచ్ మూసేశావు, డెలివరీ (నీళ్లు బయటికి పోయే దారి) నుంచి చుక్క పోవడం లేదు, కానీ ఇంజిన్ శక్తిని పంపుకు అందించే పీటీఓ తిరుగుతూనే ఉంది. అప్పుడు ఇంపెల్లర్, అంటే పంపులో తిరిగే చక్రం, లోపలున్న ఆ కాసిని నీళ్లనే చిలుకుతూ ఉంటుంది. ఇంజిన్ ఇచ్చే శక్తికి బయటికి దారి లేదు కాబట్టి అంతా వేడిగా మారుతుంది.

లెక్క వేసి చూడు. కేసింగ్‌లో, అంటే పంపు బాడీలో, 20 లీటర్లు పడతాయనుకుందాం, ఊరికే చిలకడానికి 15 కిలోవాట్లు పోతోందనుకుందాం. నిమిషానికి పది డిగ్రీలకు పైనే పెరుగుతుంది. మే నెలలో మన ఎండకు ట్యాంకులో నీళ్లు మొదలే గోరువెచ్చగా ఉంటాయి. అక్కడి నుంచి మరిగే దాకా ఆరేడు నిమిషాలు చాలు. మీ సేఫ్టీ మేనేజర్ గారి ఉపన్యాసం అంతకంటే పొడవే ఉంటుందని నా అనుమానం. ఇప్పుడు అవే నీళ్లను 4500 లీటర్ల ట్యాంకులోకి తిప్పి పంపావనుకో, అదే వేడికి ట్యాంకు మొత్తం ఒక్క డిగ్రీ పెరగడానికి ఇరవై నిమిషాలు పడుతుంది.

అందుకే నీకు మొదటి మందు ట్యాంకు ఫిల్ వాల్వే. బ్రాంచ్ మూయగానే ట్యాంక్ టు పంప్ వాల్వ్ తెరిచే ఉంచి, పంపు నుంచి ట్యాంకులోకి వెళ్లే వాల్వ్‌ను కొద్దిగా తెరువు. త్రాటిల్ దించు. పూర్తిగా తెరవకు, బ్రాంచ్‌వాడు మళ్లీ అడిగినప్పుడు ప్రెషర్ అందదు. పంపు బయటి నుంచి వచ్చే నీళ్ల మీద నడుస్తూ ట్యాంకు నిండిపోయి ఉంటే, వాడని డెలివరీ ఒకటి కొంచెం తెరిచి నీళ్లు డ్రెయిన్‌లోకి వదిలెయ్. నీళ్లు వృథా అని ఎవరైనా మొహం చిట్లిస్తే చిట్లించనీ. ఎక్కువసేపు ఆగాల్సి వస్తే అసలు పీటీఓనే తీసెయ్.

చాలామంది పొరబడే చోటు ఇంకొకటి ఉంది. ప్రెషర్ రిలీఫ్ వాల్వ్ ఉంది కదా, అది చూసుకుంటుందిలే అనుకుంటారు. అది ఎక్కువైన ప్రెషర్‌ను తిరిగి సక్షన్ (పంపు నీళ్లు పీల్చుకునే) వైపే తిప్పుతుంది. అంటే అవే వేడినీళ్లు మళ్లీ అదే పంపులోకి. ప్రెషర్ అదుపులో ఉంటుంది గానీ వేడి పెరుగుతూనే ఉంటుంది. వేడికి పనికొచ్చేది థర్మల్ రిలీఫ్ వాల్వ్. మోడల్‌ను బట్టి 50 నుంచి 75 డిగ్రీల మధ్య తెరుచుకుని కొద్ది నీళ్లు బయటికి వదులుతుంది. అయినా దాని మీద పూర్తిగా ఆధారపడకు, అది వదిలేది సన్నటి ధారే. హోస్ రీల్ (చుట్టపై ఉండే సన్న పైపు) కోసం హై ప్రెషర్ స్టేజ్ ఉన్న పంపయితే మరీ జాగ్రత్త. తక్కువ నీళ్ల మీద ఎక్కువ శక్తి పడుతుంది కాబట్టి రీల్ గన్ మూసిన వెంటనే అది వేడెక్కడం మొదలవుతుంది.

ఇంజిన్ ముల్లు కూడా పోతోందన్నావు. నిలబెట్టిన బండికి ఎదురుగాలి ఉండదు, రేడియేటర్ ఫ్యాన్ ఒక్కటే దిక్కు. అందుకే చాలా టెండర్లలో పంపు నీళ్లతో ఇంజిన్ కూలెంట్‌ను చల్లబరిచే హీట్ ఎక్స్ఛేంజర్ ఉంటుంది. పంపులోనే నీళ్లు మరుగుతుంటే అక్కడికి పోయేది కూడా వేడినీళ్లే. రెండు ముళ్లూ కలిసి లేస్తున్నాయంటే నా అనుమానం అదే. నీళ్లు పోతున్నప్పుడు కూడా ఇంజిన్ ఒక్కటే వేడెక్కుతుంటే మాత్రం ఆ కూలింగ్ లైన్ వాల్వ్ తెరిచి ఉందా, దాని జల్లెడలో ఒండ్రు పేరుకుందా చూడు.

మన హైదరాబాద్‌లో ఈ చిక్కు ఎక్కువ రావడానికి కారణం గల్లీలు. బేగంబజార్ లాంటి చోట బండి మెయిన్ రోడ్డు మీదే ఆగిపోతుంది, హోస్‌లు లోపలికి పోతాయి. బ్రాంచ్ మూశారో తెరిచారో ప్యానెల్ దగ్గరున్నవాడికి కనపడదు. ఒకసారి కాటేదాన్‌లో ఒక గోదాం మంటలు ఆరి కూలింగ్ నడుస్తోంది. పక్క స్టేషన్ బండి తాలూకు బ్రాంచ్‌మ్యాన్ హోస్‌ను మెట్ల మీదికి జరపాలని బ్రాంచ్ మూశాడు. ఆపరేటర్ ఎవరితోనో మాట్లాడుతూ అటు పోయాడు. గేజ్ చూస్తే ప్రెషర్ 7 కేజీలు నిలకడగా ఉంది, దూరం నుంచి అంతా బాగున్నట్టే. మా లీడింగ్ ఫైర్‌మ్యాన్ అటుగా వెళ్తూ తడి గ్లోవ్ విదిలిస్తే చుక్కలు కేసింగ్ మీద పడి చుయ్యిమన్నాయి. ప్రెషర్‌లో ఉన్న నీళ్లు వంద డిగ్రీలు దాటినా ఆవిరి కావు, బయటికి రాగానే అవుతాయి. ఆయన మొదట వాకీటాకీలో అరిచిన మాట "బ్రాంచ్ తెరవొద్దు". హోస్‌లో ఉన్న చల్లనీళ్లు ముందు వచ్చి, వెనకే మరిగినవి వచ్చేవి, మెట్ల మీద నిలబడ్డ కుర్రాడి చేతుల్లోకి. తర్వాత త్రాటిల్ దించి, పీటీఓ తీయించి, కేసింగ్ చల్లారాకే వాల్వులు మెల్లగా తెరిపించాడు. కాలుతున్న పంపులోకి చల్లనీళ్లు ఒక్కసారిగా వదిలితే మెకానికల్ సీల్ (షాఫ్ట్ దగ్గర నీళ్లు కారకుండా ఆపేది) పగిలిపోతుంది, ఆ తొందర నువ్వూ పడకు.

చెరువు నుంచి తోడేటప్పుడు కథ కొంచెం వేరు. ప్రైమింగ్ (మొదట గాలి తీసేసి పంపును నీళ్లతో నింపడం) అందక పంపు పొడిగా తిరిగితే సీల్ నిమిషంలో పోతుంది. సక్షన్ పైపు చివరి జల్లెడ, అంటే స్ట్రెయినర్‌కు గుర్రపుడెక్క చుట్టుకుంటే పంపులో గులకరాళ్లు వేసి తిప్పినట్టు చప్పుడొస్తుంది, సక్షన్ వైపు ప్రెషర్, వ్యాక్యూమ్ రెండూ చూపే కాంపౌండ్ గేజ్ ముల్లు వ్యాక్యూమ్ వైపు లాగుతుంది. అప్పుడు త్రాటిల్ పెంచకు, దించు. నీళ్లను కింది నుంచి ఎంత ఎత్తుకు పీల్చగలం అనే సక్షన్ హద్దు సముద్ర మట్టం దగ్గర లెక్క ప్రకారం 10.3 మీటర్లు, అందులో, 500 మీటర్ల పైన ఉన్న మన హైదరాబాద్‌లో అర మీటరు ముందే పోతుంది. నీళ్లు 60 డిగ్రీలకు చేరితే ఇంకో రెండు మీటర్లు పోతుంది. పని జరిగే ఎత్తు దీనికంటే చాలా తక్కువ, 7 మీటర్లు దాటి ఆశపడొద్దు.

మెకానికల్ సీల్ బదులు షాఫ్ట్ చుట్టూ తాడులాంటి ప్యాకింగ్ చుట్టిన గ్లాండ్ ప్యాకింగ్ పంపయితే షాఫ్ట్ దగ్గర చుక్కలు చుక్కలుగా కారాలి. కారుతోందని నట్టు బిగించేస్తే ప్యాకింగ్ మాడి షాఫ్ట్ గీసుకుపోతుంది.

ఇక మీ బండి విషయం. రేపు ఇంజిన్ ఆపి, పంపు కింద థర్మల్ రిలీఫ్ వాల్వ్ నుంచి నేల వైపు వచ్చే సన్న పైపు వెతుకు. చుక్కలు కారుతున్నాయని, లీకేజీ అనుకుని దాని చివర డమ్మీ (మూత) బిగించిన బండ్లు నేను చూశాను. మీదాంట్లోనూ అదే ఉంటే ముందు దాన్ని తీయించు, ఆ తర్వాత బ్రాంచ్ మూసి మళ్లీ చూసి ఇక్కడ రాయి.