తరంగం షూట్ చేయబోతున్న చిరంజీవికి

నాన్నా,

పెళ్ళిళ్ళు తీసిన చేతికి నాట్యం దానంతట అదే వస్తుందనుకోకు. పెళ్ళిలో ముఖం దొరికితే చాలు. కూచిపూడిలో పాదం పోతే అంతా పోయినట్టే. తరంగం అనే అంశంలో మరీను: తల మీద చెంబు, కాళ్ళ కింద ఇత్తడి పళ్ళెం, రెండూ ఒకే ఫ్రేములో పట్టాలి.

అందుకే ముందు కెమెరా ఎత్తు చూసుకో. లెన్సు వేదిక నేల కంటే రెండడుగులైనా పైన ఉండాలి. కిందికి దిగితే వేదిక అంచున పేర్చిన పూలకుండీలు పళ్ళేన్ని మింగేస్తాయి. చెక్క అరుగు మీద ట్రైపాడ్ వద్దు. పక్కన ఎవరు నడిచినా జూమ్‌లో బొమ్మ వణుకుతుంది.

సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ సెకనులో 1/50 వంతు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా లైట్లకు ఇది సరిపోతుంది. వెనక ఎల్‌ఈడీ తెర ఉంటే మాత్రం గీతలు పాకొచ్చు. రిహార్సల్లోనే దాన్ని వెలిగించమని అడిగి, షట్టర్ కొద్దికొద్దిగా మార్చి చూడు. ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, ఫోకస్ మూడూ మాన్యువల్. ఆటోలో వదిలేస్తే నల్లతెర చూసి కెమెరా వెలుతురు పెంచేస్తుంది, ముఖం సున్నం కొట్టినట్టవుతుంది.

ఎక్కువమంది బోల్తాపడేది శబ్దం దగ్గర. మిక్సర్ నుంచి లైను తీసుకుంటే పాట, నట్టువాంగం (గురువు తాళాలు కొడుతూ పలికే లయ పలుకులు, అంటే జతులు), మృదంగం శుభ్రంగా వస్తాయి. గజ్జెలు రావు, వాటికి మైకు ఉండదు గదా! వేదిక అంచున ఒక మైకు పెట్టి వేరే ట్రాకులో రికార్డు చెయ్యి. మిక్సర్ నుంచి వచ్చేది బలమైన సిగ్నల్; రికార్డరును లైన్ లెవెల్‌కు మార్చడం మరిచావో, శబ్దం పగిలిపోతుంది. పీకులు, అంటే శబ్దం బాగా లేచే చోట్లు, మైనస్ 12 డీబీ దాటనివ్వకు. చివరి జతులకు జోరు పెరుగుతుంది.

కెమెరా వేదికకు 20 మీటర్ల దూరంలో ఉంటే దాని మైకుకు చప్పుడు దాదాపు 60 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. అంటే ఒకటిన్నర ఫ్రేము. ఆ ట్రాకును నమ్మి మిక్సర్ శబ్దం కలిపితే, పాదం పడ్డాక తాళం వినిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ కలిపాక కూడా నట్టువాంగం తాళాలు తగిలిన ఫ్రేము వెతికి, కంటితో సరిచెయ్యి.

జతులు నడుస్తున్నంతసేపూ నిలువెత్తు ఫ్రేము వదలకు. అభినయంలో నడుం దాకా దగ్గరికి వెళ్ళు, హస్తాలు తెగకుండా. పళ్ళెం ఎప్పుడు ఎక్కుతారో గురువుగారిని ముందే అడిగి రాసుకో. రెండో కెమెరా ఉంటే వైడ్‌లో బిగించి ముట్టుకోకు.

సెకనుకు 100 మెగాబిట్ల (100 ఎంబీపీఎస్) నాణ్యతతో తీస్తే గంటకు 45 జీబీ పడుతుంది. అరగంటకు తనే ఆగిపోయే కెమెరా అయితే, అంశానికీ అంశానికీ మధ్య లైట్లు ఆర్పినప్పుడు ఆపి మళ్ళీ నొక్కు.

ఆశీస్సులతో,
బాబాయి